తెరమీది నిఘంటువు - చదువరి యవసరములు

నిఘంటువును విమర్శించునపుడు మన పండితులు సాధారణముగా మూడు విషయములను పరిశీలింతురు. పదములు సమగ్రముగా చేరినవా, అర్థములు సరిగా నిర్ణయింపబడినవా, ప్రయోగములు ప్రామాణిక గ్రంథములనుండి గ్రహింపబడినవా యనునవి ఆ మూడు. ఇవి యన్నియు ముఖ్యములే. కాని నాల్గవది యొకటి కలదు. పదము నెరుగగోరి వచ్చిన చదువరి ఆ పదమును చేరుటకు నిఘంటువు ఎట్టి దారి నేర్పరచినది? ఈ ప్రశ్నను మనము తరచుగా అడుగుట లేదు. అచ్చుపుస్తకముల కాలమున దీనిని అడుగకపోయినను అంతగా నష్టము కలుగలేదు. అకారాది క్రమము తెలిసినవాడు నాలుగు పుటలు అటునిటు త్రిప్పి తన పదమును ఎట్లో పట్టుకొనుచుండెను. నేడు మన విద్యార్థులలో పెక్కుమంది నిఘంటువును కంప్యూటరు తెరమీదను, చేతిలోని ఫోనుమీదను చూచుచున్నారు. పుటలకు బదులుగా అచ్చట ఒక చిన్న గడి మాత్రమే కనబడును. ఆ గడిలో పదమును టైపు చేయవలెను. యంత్రము తెచ్చి యిచ్చినదే నిఘంటువు. అది తేలేనిది నిఘంటువులో నున్నను చదువరికి లేనట్లే. కావున నాల్గవ ప్రశ్న నేడు మొదటి ప్రశ్న యైనది.

వెబ్‌సైటులను వాటిని వాడువారి అవసరముల ననుసరించి నిర్మింపవలెనను శాస్త్రము విశాలమైనది. అందు మా విద్యకు సంబంధించిన ఒక్క భాగమును మాత్రమే ఇచ్చట పరిశీలింతుము. తెలుగు నిఘంటువు తెరకెక్కినపుడు దాని చదువరికి ఏమి కావలెను, ఏమి లభించుచున్నది యనునదియే మా విషయము. ఏ వెబ్‌సైటును పేరుపెట్టి దూషించుట మా యుద్దేశము కాదు. ఒక్కమాట ముందే మనవి చేసికొనుచున్నాము. ఈ వ్యాసమున మేము అరసున్నలను, బండి ఱ-కారమును ఉదాహరణములలో మాత్రమే పాటించితిమి. అట్లేల చేసితిమో ముందు తెలియగలదు.

నిఘంటువుల చరిత్రను చదువరి దృష్టితో చూచినచో ఒక సత్యము స్పష్టమగును. ప్రతి నిఘంటుకర్తయు తన చదువరి నెవనినో ఒకనిని మనసున నిలుపుకొనియే గ్రంథమును కూర్చెను. అమరసింహుడు నామలింగానుశాసనమును శ్లోకములలో రచించెను. పదములను అకారాదిగా గాక స్వర్గము, దిక్కులు, కాలము మున్నగు వర్గములుగా పేర్చెను. ఆ గ్రంథమును వాడువాడు దానిని ఏ పేటికనుండియో తీసి వెదకువాడు కాడు. బాల్యముననే కంఠస్థము చేసినవాడు. అతని యవసరము పర్యాయపదములు జ్ఞప్తికి వచ్చుట. దానికి ఛందస్సే సాధనము. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమును పద్యములలో, వర్గులుగా రచించుటయు ఆ మార్గముననే. ఆ వర్గవిభజన నేటి విద్యార్థికి వింతగా తోచును. నాటి విద్యార్థికి అదియే సులభమైన దారి.

అచ్చుయంత్రము వచ్చినపిమ్మట చదువరి మారెను. 1852 లో ప్రకటితమైన బ్రౌనుదొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెలుగు నేర్వగోరిన పరభాషీయుని ముఖ్యముగా మనసున నుంచుకొనినది. అందువలననే అర్థములు ఇంగ్లీషున వ్రాయబడినవి. కావ్యభాషతోపాటు వాడుకమాటలకును చోటు దొరికినది. 1885 లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము కావ్యములు చదువు తెలుగువానిని ఉద్దేశించినది. దాని సంకేతములును, ప్రయోగములును వానికే. 1962 లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము వ్యవసాయ పదములకును, 1971 లో వెలువడిన రెండవ సంపుటము చేనేత పదములకును ఏర్పడినవి. అచ్చట వృత్తియే విభాగమునకు ఆధారము. 1991 లో ప్రకటితమైన గ్విన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఆధునిక భాషను చదువువానిని చేరదీసెను. వీనిలో ఏ యొక్కటియు తక్కినవానికి బదులు కాజాలదు. క్రమమనునది అలంకారము కాదు. తన చదువరి యెవరో గ్రంథకర్త చేసికొనిన నిర్ణయమే క్రమము.

ఈ దృష్టి కంప్యూటరులతో పుట్టినది కాదు. మద్రాసు విశ్వవిద్యాలయమున గ్రంథాలయాధికారిగా నుండిన ఎస్. ఆర్. రంగనాథన్‌గారు 1931 లో గ్రంథాలయశాస్త్రమునకు ఐదు సూత్రములను ప్రకటించిరి. గ్రంథములు వినియోగము కొరకే యనియు, చదువరి కాలమును వృథా కానీయరాదనియు అందు ముఖ్యమైన భావములు. అంతవరకు గ్రంథమును భద్రపరచుటయే గ్రంథాలయాధికారి కర్తవ్యమని తలచినవారికి, చదువరిని చేరని గ్రంథము భద్రముగా నున్నను నిష్ఫలమే యని ఆయన బోధించెను. కంప్యూటరు యుగమున ఇదే భావము వేరొక త్రోవను వచ్చినది. జాన్ గౌల్డ్, క్లేటన్ లూయిస్ అను నిరువురు శాస్త్రజ్ఞులు 1985 లో మూడు నియమములను ప్రతిపాదించిరి. నిర్మాణమునకు పూర్వమే వాడుకరులను, వారి పనులను తెలిసికొనవలెను; వారు నిజముగా వాడుచుండగా పరీక్షించి కొలువవలెను; దోషములు కనబడినకొలది దిద్దుచు మరల మరల నిర్మింపవలెను. 1986 లో డోనాల్డ్ నార్మన్, స్టీఫెన్ డ్రేపర్‌ల సంపాదకత్వమున వెలువడిన గ్రంథముతో వాడుకరిని కేంద్రముగా నుంచుకొను నిర్మాణమను మాట వ్యాప్తిలోనికి వచ్చెను. నార్మన్ 1988 లో ప్రకటించిన మరియొక గ్రంథమున, ఒక వస్తువును వాడుచు పెక్కుమంది ఒకే చోట పొరపడుచున్నచో దోషమును వారియందు గాక వస్తువునందు వెదకవలెనని వాదించెను. ఈ చివరి మాటను మా పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెనని కోరుచున్నాము. ఏలయన, తెలుగు నిఘంటువు విషయమున మనము ఇంతవరకు దోషమును విద్యార్థి మీదనే మోపుచున్నాము.

ఒక యుదాహరణమును చూతము. ప్రబంధమును చదువుచున్న యొక విద్యార్థిని కొంతకాలము క్రిందట మాకడకు వచ్చి, "బొలతి" యను పదము తెలుగులో లేదనియు, పాఠము తప్పై యుండుననియు చెప్పెను. ఎట్లు తెలిసినదని యడుగగా, ఫోనులోని నిఘంటువున వెదకితిననియు, ఫలితములు లేవని వచ్చినదనియు బదులిచ్చెను. పద్యమున నున్నది "వచ్చెఁ బొలఁతి" వంటి ప్రయోగము. వచ్చెను అను ద్రుతాంతముపై పొలఁతి యను పదము చేరగా పరుషము సరళమై ప-కారము బ-కారమైనది. ఈ సంధి ఆమె యెరుగనిది కాదు, బాలవ్యాకరణమున చదివినదే. కాని తెలియని పదము ఎదురైనపుడు, అందలి బ-కారము సహజమో ఆదేశమో పదము తెలియకముందే నిశ్చయించుట యెట్లు? అది తెలియుటకే కదా నిఘంటువును చూచుట! మేము సంధిని విడదీసి చెప్పితిమి. ఆమె "పొలతి" యని మరల టైపు చేసెను. మరల ఫలితములు లేవనియే వచ్చెను. నిఘంటువున నున్నది అరసున్నతో కూడిన పొలఁతి. యంత్రమునకు ఈ రెండును వేర్వేరు పదములు.

పిమ్మట మేము శబ్దరత్నాకరపు ప్రతిని ఆమె చేతికిచ్చితిమి. పొ-కారమున రెండు మూడు పుటలు త్రిప్పగనే పదము దొరికినది. మనిషి కన్ను అరసున్నను చూచియు చూడనట్లు దాటి, తనకు కావలసిన పదమును పట్టుకొనినది. అంతేకాదు. ఆ పదమునకు ముందును వెనుకను పొలము మున్నగు మాటలు కనబడగా ఆమె మరికొంత చదివెను. అచ్చుపుటలో తప్పుదారి పట్టినవానికి ఇరుగుపొరుగు పదములు తోడుపడును. తెరమీద ఇరుగుపొరుగు లేదు. ఒక్క యక్షరము తప్పినచో ఫలితములు లేవను వాక్యము తప్ప వేరేమియు కనబడదు. ఆ వాక్యమును వ్రాసినవాని భావము "నీవు టైపు చేసిన రూపముతో శీర్షిక యేదియు నావద్ద లేదు" అనునది. విద్యార్థిని గ్రహించిన భావము "అట్టి పదము తెలుగులోనే లేదు" అనునది. ఈ రెండింటికిని గల యంతరమే ఈ వ్యాసమునకు కారణము. ఒకనాటి వెదకుటతో పోవునది ఒక్క పదమే కావచ్చును. ఇట్టివి నిత్యము జరిగినచో ఒక తరమునకు కావ్యభాష యంతయు దోషభూయిష్ఠమైన పాఠముల రాశిగా తోచుటకు అవకాశము కలదు.

ఇందలి సాంకేతిక కారణము కఠినమైనది కాదు. తెలుగు లిపికి యూనికోడు ప్రమాణమున 1991 నాటి మొదటి రూపమునుండియు 128 స్థానముల గుంపు ఒకటి కేటాయింపబడినది. అందు ప్రతి అచ్చునకు, హల్లునకు, గుణింతపు గుర్తునకు వేర్వేరు సంఖ్యలు కలవు. ర, ఱ అనునవి పక్కపక్క సంఖ్యలు. అయినను యంత్రమునకు వాని చుట్టరికము తెలియదు. అరసున్నకు వేరే సంఖ్య కలదు. మనము ఒక్క అక్షరమని తలచు "స్త్రీ" యంత్రమునకు ఆరు గుర్తుల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుర్తు. వెబ్‌సైటు వంటి మాటలను వ్రాయునపుడు బ-కారమునకు సకారము వత్తుగా చేరకుండ నిలుపుటకు కంటికి కనబడని గుర్తు నొకదానిని మధ్య నుంతురు. ఆ గుర్తుతో వ్రాసిన పదమును అది లేక వెదకినచో యంత్రము రెండును ఒకటియని గ్రహింపదు. "వెళ్ళు" అని యొకరు, "వెళ్లు" అని యొకరు వ్రాయుదురు; రెండును లోకమున చెల్లుచున్నవి. నిర్మాత పూనుకొని ఈ రూపములను ఏకముగా చూడుమని యంత్రమునకు చెప్పిననే తప్ప అది తనంతట చూడదు. చెప్పుటకు కావలసినది గొప్ప యంత్రశక్తి కాదు. తెలుగు వర్ణక్రమమందలి వికల్పములను తెలిసినవాడు చేసి యిచ్చిన ఒక పట్టిక. ఆ పట్టికను తయారుచేయువారు తెలుగుశాఖలలో గాక మరెచ్చట నుందురు?

ఇచ్చట ఒక యాక్షేపము రాగలదు. అరసున్నను, ఱ-కారమును లెక్కింపక వెదకనిచ్చినచో విద్యార్థులు సాధురూపములను ఎన్నటికిని నేర్వరనియు, భాషాశుద్ధి నశించుననియు కొందరు పెద్దలు భావింతురు. ఈ భయము నిరాధారము కాదు. ఈ భేదములు వట్టి అలంకారములు కావు. వీడు అనగా విడుచు, వీఁడు అనగా ఈ పురుషుడు. కాచు అనగా రక్షించు, కాఁచు అనగా వేడిచేయు. ఏడు సంఖ్య, ఏఁడు సంవత్సరము. అరుగు అనగా పోవు, అఱుగు అనగా జీర్ణమగు. వీనిని కలిపివేసి ఒకే పదముగా చూపు నిఘంటువు నిఘంటువే కాదు.

మా సమాధానము ఇది. వెదకుట వేరు, చూపుట వేరు. విద్యార్థి "కాచు" అని టైపు చేసినపుడు యంత్రము కాచు, కాఁచు అను రెండు శీర్షికలను వేర్వేరుగా, ఒకదాని క్రింద నొకటిగా చూపవలెను. అప్పుడు విద్యార్థి తనకు తెలియని భేదమును తెలిసికొనును. కచ్చితముగా అరసున్నతో వ్రాసిననే చూపుదునని నిఘంటువు పట్టుపట్టినచో, భేదము తెలిసినవానికే భేదము తెలియజేసినట్లగును. తెలియనివాడు గుమ్మముననే నిలిచిపోవును. వెదకునపుడు ఔదార్యము, చూపునపుడు కచ్చితత్వము: ఇదియే తెరమీది నిఘంటువునకు ప్రథమధర్మమని మా సిద్ధాంతము. పూర్వము గురువు చేసినదియు ఇదియే. శిష్యుడు తప్పుగా పలికిన ప్రశ్నను గ్రహించి, ఒప్పుగా పలికిన సమాధానము నొసగుట గురుధర్మము. ప్రశ్న శుద్ధముగా లేదని మౌనము వహించిన గురువును మనము మెచ్చుకొనము.

వర్ణక్రమమును మించిన చిక్కు పదరూపములది. మన నిఘంటువులు క్రియలను చేయు, వచ్చు, ఇచ్చు, తిను అను రూపములతో శీర్షికలు కట్టినవి. చదువరికి గ్రంథమున ఎదురగునవి ఈ రూపములు కావు. రాడు, వచ్చిరి, వస్తాడు, రావడం అను నాల్గింటికిని "వచ్చు" అను శీర్షికయే గమ్యమని తెలుగువాడు సులభముగా గ్రహింపగలడు. కాని ప్రవాసమున పుట్టి పెరిగి తెలుగు నేర్చుకొనుచున్న బాలుడును, తెలుగు మాతృభాష కాని పరిశోధకుడును "రావడం" అనుదానిని ర-కారముననే వెదకుదురు. నామవాచకములందును ఇట్లే. ఇంటికి, ఇండ్లు, ఇళ్ళలో అనువానికి ఇల్లు. ఊళ్ళో అనుదానికి ఊరు. ఇంటికి అను రూపమునకు ఇల్లు అను శీర్షికను చూపుటకు వలసిన సూత్రములు మన వ్యాకరణములందు విస్తారముగా నున్నవి. ఔపవిభక్తికములను గూర్చి మనము తరగతులలో చెప్పునది పరీక్షాపత్రమునకే పరిమితము కానక్కరలేదు. అది నిఘంటువునకు దారి చూపు సాధనము కాగలదు.

సంధి విషయమున కొంత జాగ్రత్త వలయును. "వాఁడు సేసె" అనుచోట గసడదవాదేశమువలన చ-కారము స-కారమైనది. "వాఁడు వోయె" అనుచోట ప-కారము వ-కారమైనది. గ-కారాదిగా వెదకినపుడు క-కారాదిని, స-కారాదిగా వెదకినపుడు చ-కారాదిని, బ-వ కారాదులుగా వెదకినపుడు ప-కారాదిని కూడ చూడుమని యంత్రమునకు చెప్పవచ్చును. కాని ఏది ఆదేశము, ఏది సహజము అను నిర్ణయమును యంత్రము చేయరాదు. "మీరు వెదకిన రూపము లేదు, సంధివలన మారినదైనచో ఈ పదములు కావచ్చును" అని చెప్పి నాలుగు పదములను ముందుంచిన చాలును. నిర్ణయము చదువరిది. యంత్రము తానే నిర్ణయించి ఒక్కటే చూపినచో చదువరికి కొంత శ్రమ తగ్గును గాని పద్యమును అన్వయించుకొను శక్తియు తగ్గును. వాడుకరి యవసరమును తీర్చుట యనగా వానిని ఆలోచింపనీయకుండుట కాదు. సాహిత్యవిద్యార్థి యవసరములలో ఆలోచన ప్రధానమైనది.

పదము దొరికినపిమ్మటను కష్టములు తీరవు. శబ్దరత్నాకరము వంటి గ్రంథమున శీర్షిక ప్రక్కన "దే. వి." "వై. వి." వంటి సంకేతములు కనబడును. దేశ్యము, వైకృతము, విశేష్యము అను వివరణ గ్రంథారంభమున నుండును. అచ్చుపుస్తకమున ఆ పుట ఎప్పుడును చేతికందునంత దూరముననే యుండును. తెరమీద శీర్షిక మాత్రము విడివడి వచ్చును. పీఠిక వెనుకబడి పోవును. సంకేతముమీద వ్రేలుంచగనే వివరణ కనబడునట్లు చేయుట కష్టము కాదు. కాని గ్రంథమును అక్షరములుగా ఎక్కించుటతో పని ముగిసినదని తలచినవారికి ఇది తోచదు. పరిశోధకునికి మరియొక కొరత కలదు. ఆ అర్థము ఏ నిఘంటువు ఏ ముద్రణలోని ఏ పుటనుండి గ్రహింపబడినదో తెలియనిదే అతడు దానిని ఉదాహరింపజాలడు. మూలమును చెప్పని అర్థము ఎంత సరియైనదైనను పరిశోధనకు పనికిరాదు.

జరిగిన మంచిపనిని చెప్పకుండుట న్యాయము కాదు. చికాగో విశ్వవిద్యాలయమువారు దక్షిణాసియా భాషల నిఘంటువులను తెరకెక్కించిన ప్రణాళికలో బ్రౌను, గ్విన్ నిఘంటువులను చేర్చిరి. ఆంధ్రభారతి వెబ్‌సైటు పెక్కు తెలుగు నిఘంటువులను ఒక్కచోట చేర్చి, ఒకే పదమును అన్నిటియందును ఒక్కసారిగా వెదకు సౌకర్యము కల్పించినది. ఒకే పదమునకు ఒక కోశము చెప్పిన యర్థమును మరియొక కోశము చెప్పిన యర్థముతో పోల్చుటకు పూర్వము గ్రంథాలయమున ఒక పూట పట్టెడిది. ఇప్పుడు క్షణకాలము చాలును. ఇట్టి కృషి చేసినవారికి తెలుగు పరిశోధకలోకము ఋణపడియున్నది. విమర్శ అనునది ఈ ఋణమును తీర్చు మార్గములలో నొకటి.

లిపి విషయమునను కొన్ని మాటలు చెప్పవలసియున్నది. తెలుగక్షరము రోమను అక్షరమువలె ఒక గీతమీద నిలుచునది కాదు. తలకట్టు, గుడి మీదికి పోవును. వత్తులు క్రిందికి దిగును. రోమను లిపికై నిర్ణయించిన ఎత్తుగల గడిలో తెలుగును పోసినచో వత్తులు తెగిపోవును. "రాష్ట్రము" లోని వత్తులు సగము మాయమైనచో పెద్దవారు ఊహించి చదువుకొందురు. క్రొత్తగా నేర్చువారు తప్పు నేర్తురు. టైపు చేయుటయు అందరికిని ఒకే తీరు కాదు. ఒకరు తెలుగు కీబోర్డుమీద వ్రాయుదురు; పెక్కుమంది రోమను అక్షరములతో వ్రాసి తెలుగుగా మార్చుకొందురు. రెండవ తీరున ల-ళ, న-ణ, శ-ష-స భేదములు సులభముగా తారుమారగును. కల, కళ వేర్వేరు పదములు గనుక ఇచ్చటను ముందు చెప్పిన ధర్మమే శరణ్యము: రెండింటిని వెదకవలెను, వేర్వేరుగా చూపవలెను.

కన్ను కానరాని చదువరిని మనము తరచుగా మరచుచున్నాము. తెరమీది అక్షరములను చదివి వినిపించు సాధనములు నేడు కలవు. అవి అక్షరములను చదువగలవు గాని, పాత పుస్తకపు పుటలను ఛాయాచిత్రములుగా తీసి యుంచినచో ఆ చిత్రములనుండి వానికై అవి చదువజాలవు. యూనికోడుకు పూర్వపు ప్రత్యేక లిపిరూపములలో నిలిచిపోయిన గ్రంథములకును ఇదే గతి. కంటికి తెలుగుగా కనబడునది యంత్రమునకు అర్థము లేని రోమను గుర్తుల వరుస. వెబ్ ప్రమాణములను నిర్ణయించు సంస్థ అందరికిని అందుబాటు గూర్చి 1999 లో మొదటి మార్గదర్శకములను, 2008 లో రెండవవానిని ప్రకటించెను. గ్రహింపదగియుండుట, వాడదగియుండుట, అర్థమగుట, వేర్వేరు సాధనములయందు నిలుచుట అను నాలుగు సూత్రములు ఈ రెండవవానికి మూలము. భారతదేశమున వికలాంగుల హక్కుల చట్టము 2016 లో వచ్చినది. విశ్వవిద్యాలయములు ప్రకటించు నిఘంటువులు ఈ ధర్మమును దయగా గాక కర్తవ్యముగా పాటింపవలెను.

ఇక పద్ధతిని గూర్చి. చదువరి యవసరము ఏదో గదిలో కూర్చుండి ఊహించుట చాలదు. మాండలిక వృత్తిపదకోశమునకు పదములను సేకరించినవారు రైతుల యొద్దకును, నేతగాండ్ర యొద్దకును పోయి అడిగి వ్రాసికొనిరి. ఆ యా పనిముట్లకు లోకము ఏమి పేరు పెట్టినదో వినుటయే వారి పని. తెరమీది నిఘంటువునకును అట్టి క్షేత్రపరిశోధన వలయును. నలుగురు విద్యార్థులను కూర్చుండబెట్టి, ఒక పద్యమును ఇచ్చి, తెలియని పదములను వెదకుడని చెప్పి, మాట్లాడక ప్రక్కన నిలుచుండి చూడవలెను. ఎచ్చట ఆగిరి, ఏమి టైపు చేసిరి, ఏ క్షణమున విసిగి మానిరి - వీనిని వ్రాసికొనవలెను. సాయము చేయవలెనను కోరికను అణచుకొనుట ఉపాధ్యాయునికి మిక్కిలి కష్టము. కాని మనము ప్రక్కన లేనపుడు వారికి ఏమి జరుగుచున్నదో తెలియుటకు వేరు మార్గము లేదు.

మరియొక నిధి కలదు. వెదకి దొరకని పదములను యంత్రము జాబితాగా వ్రాసి యుంచగలదు. ఎవరు వెదకిరను వివరము అక్కరలేదు. దానిని దాచరాదు కూడ. ఏ పదమును వెదకిరను మాట చాలును. ఆ జాబితాలో కొన్ని తప్పు టైపులు, కొన్ని సంధిరూపములు, కొన్ని విభక్తిరూపములు ఉండును. వానిని పరిశీలించి దారులు దిద్దవచ్చును. మిగిలినవి నిజముగా నిఘంటువున లేని పదములు: ఒక మండలమున మాత్రము వాడుకలో నున్న మాటలు, క్రొత్తగా పుట్టిన మాటలు, నిఘంటుకర్తలు విడిచిన మాటలు. ఇంతవరకు నిఘంటుకర్త పదముల కొరకు లోకమును వెదకవలసివచ్చెను. ఇపుడు లోకమే వచ్చి తనకు కావలసిన పదమును గడిలో వ్రాసి పోవుచున్నది. దానికి "ఫలితములు లేవు" అని బదులుచెప్పి మరచిపోవుట ఎంతటి నష్టమో నిఘంటునిర్మాణ మెరిగినవారికి చెప్పనక్కరలేదు.

చివరగా ఒక సందేహమును తీర్పవలెను. చదువరి యొక్కడు కాడు; కావ్యవిద్యార్థి, భాషాశాస్త్రజ్ఞుడు, పరభాషీయుడు, బడిపిల్లవాడు - అందరికిని ఒకే తెర ఎట్లు చాలును? అమరసింహుడు గాని, బ్రౌను గాని, సీతారామాచార్యులు గాని అందరి కొరకు వ్రాయలేదు. అచ్చున ఒక గ్రంథమునకు ఒకే క్రమము సాధ్యము గనుక వారు ఎన్నుకొనక తప్పలేదు. తెరకు ఆ నిర్బంధము లేదు. లోపలి నిఘంటువు ఒక్కటియే. దానికి అకారాది ద్వారమొకటి, వృత్తివర్గముల ద్వారమొకటి, సంధిరూపముల ద్వారమొకటి తెరువవచ్చును. ఇరుగుపొరుగు పదములను చూపు పాతపుటను సైతము మరల నిలుపవచ్చును. పూర్వులు వేర్వేరు గ్రంథములుగా చేయవలసివచ్చిన దానిని ఒక్కచోట చేయు భాగ్యము మన కాలమునకు కలిగినది. అట్లు చేయక, ఒక్క గడి నుంచి, దానిలో సరియైన అక్షరక్రమమును వ్రాయగలవారికే ప్రవేశమనుట సాధనమును చేతబట్టి దాని గుణమును విడిచినట్లగును.

మాకడకు వచ్చిన విద్యార్థిని పాఠము తప్పని తలచినది. తప్పు పాఠమునందును లేదు, ఆమెయందును లేదు. మా శాఖలో ఈ సంవత్సరము వికల్పరూపముల పట్టికను ర-ఱ, అరసున్న, సరళాదేశ, గసడదవాదేశములతో ఆరంభించితిమి. అది మిక్కిలి చిన్న పని. తక్కిన శాఖలలోని ఉపాధ్యాయులును, పరిశోధక విద్యార్థులును తమ తరగతులలో విద్యార్థులు వెదకి చేరలేకపోయిన పదములను వ్రాసి పంపినచో ఆ పట్టిక పెరుగును. పొలఁతి యను పదమును బొలతి యని వెదకినవారికి కూడ ఆ పదము దొరకునంతవరకు ఆ నిఘంటువు తెరకెక్కినదని మేము అంగీకరింపజాలము.